పేరు తెలియని పిల్ల మిడతను గుర్తించడం ఎలా?

“ఆకుపచ్చగా ఉంది, ఒంటి మీద నల్ల చుక్కలున్నాయి, రెక్కలు లేవు, గెంతుతోంది. ఇది ఏ మిడత?” ఫోటో జతచేసి ఇలా అడిగేవారికి లెక్క లేదు. అడగడంలో తప్పు లేదు గాని, చెప్పిన ఆనవాళ్లు నాలుగూ పెద్దగా పనికొచ్చేవి కావు. రంగు, చుక్కలు కుబుసం విడిచినప్పుడల్లా మారిపోవచ్చు. ఎగరగలిగే రెక్కలు ఏ పిల్ల మిడతకూ ఉండవు. గెంతడం అన్నీ చేసే పనే. పేరు దగ్గరికి తీసుకెళ్లే గుర్తులు వేరే చోట ఉంటాయి: రెక్కల మొగ్గల్లో, నుదుటి కొసన, గొంతు కింద, మెడ మీది పలకలో. వాటిని ఏ వరసలో చూడాలో, ఎక్కడ ఆగాలో కింద రాస్తున్నాను.

ముందే ఒక మాట. పొట్టి మీసాల మిడతల్లోనే ప్రపంచం మొత్తం మీద దాదాపు 12,000 జాతులున్నాయి. గుర్తింపు పుస్తకాలు చాలావరకు ఎదిగిన మిడతల కోసం రాసినవి. కాబట్టి పిల్ల మిడతకు కుటుంబం (అనేక ప్రజాతుల పెద్ద గుంపు) పేరు దొరికితే మంచి ఫలితమే, ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) దొరికితే చాలా మంచి ఫలితం. జాతి పేరే కావాలని పట్టుబడితే, చాలా సందర్భాల్లో దాన్ని పెంచి పెద్దచేయడం తప్ప వేరే దారి లేదు.

కావలసినవి

- పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం
- దగ్గరి నుంచి స్పష్టంగా ఫోటో తీయగల ఫోను లేదా కెమెరా
- మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు
- మూతకు సన్నని రంధ్రాలున్న పారదర్శక డబ్బా
- పలుచని పారదర్శక ప్లాస్టిక్ సంచి (కింది భాగం చూడటానికి)
- నోటు పుస్తకం, పెన్సిలు

వల ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. అభయారణ్యాల్లో, రక్షిత ప్రాంతాల్లో మాత్రం అనుమతి లేకుండా దేన్నీ పట్టుకోవద్దు. అక్కడ ఫోటోలతో సరిపెట్టుకోండి.

1. తాకకముందే ఫోటో తీయండి

మొదటి ఫోటో అది కూర్చున్న చోటే తీయాలి. మొక్క మీద ఉంటే ఆ మొక్క ఆకు, పువ్వు కూడా విడిగా తీయండి. నేల మీద ఉంటే గడ్డా, ఇసుకా, రాళ్లా, తేమ నేలా అన్నది రాసుకోండి. తేదీ, ప్రదేశం తప్పనిసరి. ఆకు మీద కూర్చున్నంత మాత్రాన ఆ ఆకే దాని తిండి అనుకోవద్దు. కొరుకుతుండగా చూస్తేనే “తింటోంది” అని రాయండి.

2. పట్టుకోవడం

డబ్బాను పైనుంచి బోర్లించి, కింది నుంచి మూత మెల్లగా జరపడం అన్నిటికన్నా తేలిక. చేత్తో పట్టుకోవలసి వస్తే తల వెనక జీనులా ఉండే మెడ పలకను రెండు పక్కల నుంచీ వేళ్ల మధ్య సుతారంగా పట్టుకోండి. ఒక్క వెనక కాలు పట్టుకుని మాత్రం ఎత్తవద్దు. మిడత ఆ కాలిని తొడ మొదట్లోనే తెంచుకుని పారిపోతుంది. పొట్టి మీసాల మిడతల్లో అలా పోయిన వెనక కాలు మళ్లీ మొలవదు.

నోటి నుంచి గోధుమ రంగు ద్రవం కక్కితే కంగారు పడకండి, మరక పడుతుంది అంతే. కొట్టొచ్చే రంగులున్న వాటితో మాత్రం జాగ్రత్త. జిల్లేడు మీద కనిపించే పోయికిలోసెరస్ పిక్టస్ పిల్లను కాస్త నొక్కితే చాలు, పొట్ట మొదటి, రెండో ఖండాల మధ్య వీపు మీదున్న రంధ్రం నుంచి ద్రవాన్ని కొన్ని అంగుళాల దూరం చిమ్ముతుంది. ముఖానికి దూరంగా ఉంచండి, తర్వాత చేతులు కడుక్కోండి.

ఒక్కచోట నిలవకపోతే డబ్బాతో సహా ఐదు నుంచి పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. చలికి మందగించి కాసేపు కదలదు. డీప్ ఫ్రీజర్‌లో పెట్టవద్దు, చచ్చిపోతుంది. ఒళ్లు పాలిపోయి మెత్తగా ఉంటే అది అప్పుడే కుబుసం విడిచిందని అర్థం. దాన్ని ముట్టుకోకుండా మర్నాటి దాకా ఆగండి.

3. అసలు పొట్టి మీసాల మిడతేనా?

మీసాలు చూడండి. ఒంటి కన్నా పొట్టిగా, కాస్త లావుగా, ముప్ఫైకి లోపే కణుపులతో ఉంటే పొట్టి మీసాల మిడత. వెంట్రుకంత సన్నగా, ఒంటిని మించిన పొడవుతో ఉంటే పొడవు మీసాల మిడతో, కీచురాయో అయి ఉంటుంది. వాటి దారి వేరు. ఈ తేడా గుడ్డు నుంచి బయటికి వచ్చిన రోజు నుంచే కనిపిస్తుంది.

చిక్కల్లా మీసాలు విరిగినప్పుడే. అలాంటప్పుడు వెనక పాదాల కణుపులు లెక్కపెట్టండి: పొట్టి మీసాల వాటికి మూడు, పొడవు మీసాల మిడతకు నాలుగు. కీచురాయికీ మూడే ఉంటాయి గాని, దానికి పొట్ట చివర రెండు పొడవాటి తోకలుంటాయి, ఒళ్లు అణిగి ఉంటుంది. పొడవు మీసాల మిడతల పిల్లల్లో కొన్ని మొదటి దశల్లో అచ్చం చీమల్లాగే ఉంటాయి. చీమ అనుకున్నది గెంతితే ఆశ్చర్యపోకండి.

రెండు గుంపులను ఇక్కడే పక్కకు తీసేయవచ్చు. మెడ పలక వెనక్కి సాగి పొట్టను కప్పేస్తుంటే అది టెట్రిగిడే కుటుంబం. ఇవి తడి నేలల దగ్గర నాచు తింటూ బతుకుతాయి. ఎదిగినా ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు దాటవు కాబట్టి పెద్దవాటిని కూడా పిల్లలనుకుంటారు. ఇక మీసాలు ముందు కాలి తొడ కన్నా పొట్టిగా ఉండి, కూర్చున్నప్పుడు వెనక కాళ్లు రెండూ పక్కలకు చాపి ఉంటే అది యూమాస్టాసిడే కుటుంబానికో, దాని చుట్టాలకో చెందినది.

4. నిజంగా పిల్లేనా?

ఎక్కువమంది తొందరపడే చోటు ఇదే. పొట్టి రెక్కలతోనే జీవితమంతా గడిపే జాతులున్నాయి, రెక్కలే రాని జాతులూ ఉన్నాయి. రెక్కలు చిన్నవిగా ఉన్నంత మాత్రాన పిల్ల అయిపోదు.

భూతద్దంతో వీపు పక్కభాగం చూడండి. మెడ పలక వెనక రెండు జతల చిన్న తమ్మెలు కనిపిస్తాయి, అవే రెక్కల మొగ్గలు. చివరి రెండు దశల్లో ఇవి వీపు మీదికి తిరిగి ఉంటాయి. అప్పుడు పైన కనిపించేది వెనక రెక్క మొగ్గ. త్రికోణంగా ఉండి, ముందు రెక్క మొగ్గను చాలావరకు కప్పేస్తుంది. ఎదిగిన మిడతలో ఇది తారుమారవుతుంది: ముందు రెక్క పైన, వెనక రెక్క దాని కింద దాగి ఉంటుంది. ఏది పైన ఉందో తేలితే పిల్లో పెద్దదో తేలినట్టే.

మొగ్గలు పక్కలకు వేలాడుతున్నా, అసలు కనిపించకపోయినా ఈ పరీక్ష పనిచేయదు. అప్పుడు పొట్ట కొస చూడండి. ఎదిగిన ఆడదానికి గుడ్లు పెట్టే నాలుగు ముళ్లు గట్టిగా, ముదురు కొనలతో, వంకర తిరిగి స్పష్టంగా ఉంటాయి. పిల్లలో అవే మెత్తగా, చిన్నవిగా, ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉంటాయి. మగదానికి ముళ్లుండవు, పొట్ట కొస పైకి తిరిగి నున్నగా ముగుస్తుంది. ఆడా మగా అన్నది కూడా ఇక్కడే రాసుకోండి.

5. ఎన్నో దశ?

చాలా జాతులకు ఐదు దశలు. కొన్నిటికి ఆరు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటాయి. ఐదు దశలున్న జాతిలో వరస ఇలా సాగుతుంది. మొదటి దశలో తల ఒంటికి మించి పెద్దది, మొగ్గలు కనబడవు. రెండో దశలో రొమ్ము ఖండాల కింది మూలలు కాస్త గుండ్రంగా సాగుతాయి. మూడో దశలో ఆ మూలలు కిందికి వేలాడే తమ్మెలవుతాయి, వాటిలో ఈనెల్లాంటి గీతలు కనిపిస్తాయి. నాలుగో దశలో అవి తిరగబడి వీపు మీదికి చేరతాయి. ఐదో దశలో ఇంకా సాగి పొట్ట మూడో నాలుగో ఖండం దాకా వస్తాయి.

మీ చేతిలో ఉన్నది ఏ జాతో తెలియదు కాబట్టి మొత్తం దశలెన్నో కూడా తెలియదు. అందుకే వెనక నుంచి లెక్కపెట్టడం మేలు: మొగ్గలు వీపు మీదికి తిరిగాయంటే, ఇక మిగిలినవి ఒకటో రెండో కుబుసాలు. పొట్టి రెక్కల జాతుల్లో మాత్రం చివరి దశలోనూ మొగ్గలు చిన్నవే.

ఇదంతా ఎందుకంటే, మొదటి రెండు దశల్లో ఉన్నదాన్ని ఫోటో చూసి జాతి దాకా చెప్పడం చాలాసార్లు కుదరదు. చివరి రెండు దశల్లో ఉన్నదైతే మిగతా మెట్లన్నీ ఓపికగా ఎక్కడం దండగ కాదు.

6. తల, నుదురు

పక్క నుంచి చూడండి. ముఖం నిట్టనిలువుగా ఉందా, వెనక్కి వాలిందా? తర్వాత పైనుంచి, రెండు కళ్ల మధ్య ముందుకు పొడుచుకొచ్చిన నుదుటి కొస చూడండి. ఆ కొసన నిలువునా సన్నని గాడి ఉంటే పిర్గోమార్ఫిడే కుటుంబాన్ని గట్టిగా అనుమానించాలి. ఆ గాడి మామూలు కంటికి దొరకదు. వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని భూతద్దంలో చూస్తే సన్నని నీడ గీతగా తేలుతుంది. పైన చెప్పిన జిల్లేడు మిడత ఈ కుటుంబానిదే. సన్నగా, ఆకుపచ్చగా, మొనదేలిన తలతో తోటల్లో తరచుగా కనబడే అట్రాక్టోమార్ఫా కూడా ఇదే.

మొనదేలిన తల కనబడగానే అక్రిడా అని రాసేస్తుంటారు. అక్రిడాకు తల మరీ పొడవు, వెనక కాళ్లు సన్నగా బారుగా ఉంటాయి, మీసాలు మొదట్లో వెడల్పుగా, చదునుగా ఉండి కొసకు సన్నబడతాయి. ఈ పోలిక చిన్న పిల్లల్లోనే కనిపిస్తుంది కాబట్టి పిల్లగా ఉండగానే ప్రజాతి దాకా చెప్పగల కొద్దిపాటి మిడతల్లో ఇదొకటి.

7. గొంతు కింద ముల్లు

నన్నడిగితే ఇంత తక్కువ శ్రమతో ఇంత ఎక్కువ చెప్పే గుర్తు మరొకటి లేదు. అయినా వచ్చే ఫోటోల్లో ఇది దాదాపు ఎప్పుడూ ఉండదు.

మిడతను పలుచని ప్లాస్టిక్ సంచిలో వేసి, గాలి తీసేసి, నలగకుండా సంచిని మెల్లగా బిగించండి. వెల్లకిలా తిప్పి, ముందు కాళ్ల రెండింటి మధ్య చూడండి. అక్కడ నిలువుగా లేచిన చిన్న ముల్లు లేదా బొడిపె ఉందా, లేక చదునుగా ఉందా? ముందు కాళ్లు అడ్డుగా ముడుచుకుంటే కాస్త ఆగండి, తనే చాపుతుంది. నిమిషం రెండు నిమిషాల్లో పని ముగించి సంచిలోంచి తీసేయండి.

అక్రిడిడే చాలా పెద్ద కుటుంబం. ఈ ముల్లు దాన్ని రెండు వాటాలు చేస్తుంది. ముల్లు ఉంటే సిర్టకాంతాక్రిడినే, కటాంటోపినే, ఆక్సియినే వంటి ఉపకుటుంబాలు. లేకపోతే ఈడిపోడినే, అక్రిడినే, గోంఫోసెరినే. ప్రపంచాన్ని ఎక్కువగా భయపెట్టే రెండు దండు మిడతలనూ దీనితోనే విడదీయవచ్చు: ఎడారి మిడతకు (షిస్టోసెర్కా గ్రెగేరియా) ముల్లు ఉంటుంది, వలస మిడతకు (లోకస్టా మైగ్రేటోరియా) ఉండదు.

పిర్గోమార్ఫిడేలో కూడా గొంతు దగ్గర ఉబ్బు ఉండవచ్చు. అందుకే నుదుటి గాడిని చూశాకే గొంతు చూడాలి, ఈ వరస తప్పవద్దు.

8. మెడ పలక

తల వెనక జీనులా రెండు పక్కలకూ వాలే పలకను సరిగ్గా పైనుంచి ఫోటో తీయండి. ఏటవాలు ఫోటో పనికిరాదు. మూడు విషయాలు చూడాలి. మధ్యలో నిలువు గట్టు ఎంత ఎత్తుగా ఉంది? అడ్డంగా ఉన్న గాడులు దాన్ని ఎన్ని చోట్ల కోస్తున్నాయి? పక్కల గట్లు ఉన్నాయా, ఉంటే సమాంతరంగా సాగుతున్నాయా, నడుమ లోపలికి వంగుతున్నాయా? ఈడిపోడినేలో మధ్య గట్టు తెలిసేలా లేచి, ఒకటి రెండు చోట్ల తెగి ఉంటుంది. గోంఫోసెరినేలో చాలావాటికి పక్క గట్లు నడుముకు వంగుతాయి.

పలక వెనక అంచును మాత్రం నమ్మవద్దు. ఎదిగిన మిడతలో అది వెనక్కి కోణంగా సాగవచ్చు, పిల్లలో అదే అంచు దాదాపు తిన్నగా ఉండవచ్చు.

9. వెనక కాలు, కళ్లు

తొడ లోపలి వైపు, కాలి కింది భాగం రంగు రాసుకోండి. ఎదిగిన మిడతలను విడదీసే రంగులు అక్కడే ఉంటాయి, చివరి దశ పిల్లల్లో కొన్నిసార్లు అప్పటికే బయటపడతాయి. కళ్ల మీద నిలువు చారలుంటే సిర్టకాంతాక్రిడినే వైపు చూడండి. గొంతు ముల్లు కూడా ఉంటే ఆ అనుమానం బలపడినట్టే.

10. సరిపోల్చడం

ఇప్పటికి మీ దగ్గర కుటుంబమో, ఉపకుటుంబమో ఉంది. ఇక ఆ గుంపులో మీ ప్రాంతంలో నమోదైన జాతుల జాబితా తీయండి. ఆర్థోప్టెరా స్పీసీస్ ఫైల్, జీబీఐఎఫ్, ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్లు ఇందుకు పనికొస్తాయి. ఐనాచురలిస్ట్ వంటి యాప్ దానంతట అది సూచించే పేరును చివరగా చూడండి, మొదట కాదు. ముందే ఒక పేరు కంటబడితే, ఆ తర్వాత మన కళ్లు దానికి తగ్గ గుర్తులనే వెతుకుతాయి.

చాలామంది వదిలేసే తేలిక దారి ఇంకొకటుంది: పిల్ల దొరికిన చోటే ఎదిగిన మిడతలున్నాయేమో వెతకడం. అవి కూడా ఉంటే మీ పిల్ల వాటి సంతానమే అని తేల్చేయవద్దు. కానీ గొంతు, నుదురు, మెడ పలక మూడూ కలిస్తే బలమైన ఆధారమే.

కాలం కూడా చూసుకోండి. చలి ప్రాంతాల్లో చాలా జాతులు చలికాలాన్ని గుడ్లుగా గడుపుతాయి, కొన్ని మాత్రం పిల్లలుగానే గడుపుతాయి. అక్కడ వసంతం మొదట్లోనే చివరి దశ పిల్ల కనిపించిందంటే జాబితా బాగా కుదించుకుపోతుంది.

11. పెంచి చూడటం

చివరి రెండు దశల్లో ఉన్నదాన్ని పెంచడం కష్టం కాదు. జాలీ మూత ఉన్న ఎత్తయిన పాత్ర తీసుకోండి. మిడత పొడవుకు కనీసం మూడు రెట్ల ఎత్తు ఉండాలి. లోపల గరుకైన పుల్ల ఏటవాలుగా నిలబెట్టండి. అది దొరికిన మొక్క ఆకులనే రోజూ తాజాగా వేయండి, తినకపోతే గడ్డి, వెడల్పు ఆకులు రెండూ వేసి దేన్ని కొరుకుతుందో చూడండి. మందు చల్లిన చోటి ఆకులు వద్దు. నీళ్ల గిన్నె పెట్టవద్దు, ఆకుల తేమ చాలు. పగలు వెచ్చగా ఉండాలి గాని, గాజు పాత్రను నేరుగా ఎండలో పెడితే లోపల ఉడికిపోతుంది. ఒక పాత్రలో ఒక్కటే ఉంచండి.

తిండి మానేసి, పుల్లను పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంటే కుబుసం దగ్గరపడినట్టు. గాలి మింగి ఒళ్లు ఉబ్బిస్తుంది, వీపు నడిమి గీత వెంట పాత చర్మం చీలుతుంది, తల, రొమ్ము, తర్వాత వెనక కాళ్లు బయటికి వస్తాయి. ఈ సమయంలో పాత్ర కదిలిందా, మిడత కింద పడి కాళ్లు, రెక్కలు వంకరపోతాయి. ఎత్తు చాలకపోయినా అంతే. ఫోటో మోజుతో మూత తీయవద్దు. ఒళ్లు గట్టిపడి రంగు తేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, అసలు ఫోటోలు అప్పుడు తీయండి, వెనక రెక్క రంగుతో సహా.

విడిచిన కుబుసాన్ని పారేయకండి. తేదీ రాసి చిన్న డబ్బాలో దాచండి. పిల్లనాటి గొంతు ముల్లు, మొగ్గల ఆకారం అందులో అలాగే నిలిచి ఉంటాయి.

తరచుగా జరిగే పొరపాట్లు

*రంగును బట్టి పేరు పెట్టడం.* ఒకే జాతిలో ఆకుపచ్చవి, గోధుమవి రెండూ ఉంటాయి. అరుదుగా గులాబీ రంగువి కూడా పుడతాయి. మంటలకు కాలిన నేల మీద నల్లబడే జాతులున్నాయి. ఎడారి మిడత పిల్ల ఒంటరిగా పెరిగితే ఆకుపచ్చగా, గుంపులో పెరిగితే పసుపు నలుపులతో ఉంటుంది. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు రోమేలియా మిడత పిల్ల నల్లగా, వీపున పసుపు చారతో ఉంటుంది. ఎదిగాక పసుపు ఒళ్లు, నల్ల మచ్చలు. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే తల్లీపిల్లలని ఎవరూ అనరు.

*ఎర్ర చుక్కలను ఒంటి గుర్తులనుకోవడం.* మొగ్గల మొదట్లో, కాళ్ల కీళ్ల దగ్గర ఉబ్బెత్తుగా మెరిసే ఎర్ర చుక్కలు చాలాసార్లు మిడతను పట్టుకున్న నల్లి (మైట్) పిల్లలు. రెండు పక్కలా ఒకేలా లేకపోతే అవి నల్లులే అనుకోండి.

*పొడవును గుర్తుగా తీసుకోవడం.* రెండు సెంటీమీటర్ల పిల్ల ఒక జాతిలో చివరి దశ కావచ్చు, ఇంకో జాతిలో మూడోది కావచ్చు. దశ రాయకుండా పొడవు ఒక్కటే రాస్తే దానితో ఏమీ తేలదు.

*ఒక్క ఫోటోతో అడగడం.* పక్క నుంచి, పైనుంచి, ముఖం ఎదుట నుంచి, గొంతు, మొగ్గలు, పొట్ట కొస. ఈ ఆరూ లేనిదే తెలిసినవారు కూడా ఊహే చెప్పగలరు.

ఫలితాన్ని సరిచూసుకోవడం

మీరు అనుకున్న పేరుకు అనుకూలమైన గుర్తులు కాదు, దాన్ని కొట్టిపారేసే గుర్తు ఒక్కటైనా ఉందేమో వెతకండి. గొంతు ముల్లు ఉండాల్సిన ఉపకుటుంబంలో ముల్లు లేకపోతే, మిగతా తొమ్మిది పోలికలూ కలిసినా ఆ పేరు తప్పే. ఆ జాతి మీ ప్రాంతంలో ఇంతకుముందు నమోదు కాకపోతే, కొత్తగా కనిపెట్టానని సంబరపడే ముందు మళ్లీ ఆరో మెట్టు నుంచి చూసుకోండి. అదే చోట మరో రెండు మూడు పిల్లలను చూసి, గుర్తులు వాటిలోనూ ఉన్నాయో లేదో పోల్చండి.

ఎక్కడ ఆగారో అక్కడి పేరే రాయండి, పక్కన ఆధారం రాయండి: “అక్రిడిడే. గొంతు ముల్లు ఉంది, నుదుటి గాడి లేదు, మొగ్గలు వీపు మీద, ఆడ, 24 మి.మీ.” ఇలాంటి నమోదును ఏడాది తర్వాత కూడా ఎవరైనా ముందుకు తీసుకెళ్లగలరు.

పని అయ్యాక మిడతను పట్టుకున్న చోటే వదలండి, వేరే ఊళ్లో కాదు. ఒకటీ అరా కాకుండా పసుపు నలుపు పిల్లలు నేలంతా పరుచుకుని ఒకే దిక్కుకు సాగుతూ కనిపిస్తే మాత్రం, పేరు కోసం ఆగకుండా ఫోటో, ప్రదేశంతో వెంటనే వ్యవసాయ శాఖకు చెప్పండి.